తనకల్లు దారిలో ఒక్కసారి మోగిన ఫోను

అనంతపురం వైపు వెళ్లొచ్చానని చెబితే మా తెనాలిలో అందరిదీ ఒకటే ప్రశ్న. "అక్కడ చూడ్డానికి ఏముందండీ?" అని. నేను చూడ్డానికి వెళ్లలేదు. మా చెల్లెలు శారద తనకల్లు హైస్కూల్లో లెక్కల టీచరు. ఏళ్ల తరబడి రమ్మని పోరుతోంది. నేనేమో కాలవ పక్కన పుట్టి, కాలవ పక్కనే పెరిగి, కాలవ పక్కనే కాపురం చేసినదాన్ని. బిందె నీళ్లు కొనుక్కునే ఊరికి వెళ్లాలంటే మనసొప్పేది కాదు. ఈసారి అది అలిగి మాట్లాడ్డం మానేసింది కాబట్టి బయల్దేరక తప్పలేదు.

వెళ్లేముందు మా తమ్ముడు తన పాత సెల్ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఒక్కదానివే వెళ్తున్నావు, ఉండనీ అక్కా" అన్నాడు. అప్పటికి మా వీధిలో సెల్లున్న వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. ఆ వస్తువంటే నాకు మహా చిరాకు. బస్సులో, పెళ్లిలో, ఆఖరికి దినం భోజనాల్లో కూడా దాన్ని చెవికి ఆనించుకుని అరిచేవాళ్లను చూస్తే నాలుగు తగిలిద్దామనిపిస్తుంది. చేతిరుమాల్లో చుట్టి, ముడేసి, సంచి అడుగున పడేశాను. ఆ ముడి విప్పాక అది ఎన్నిసార్లు మోగిందో, మోగిన ప్రతిసారీ నా గుండె ఎలా కొట్టుకుందో చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. అందుకే రాస్తున్నాను.

హిందూపురం

పొద్దున్నే రైలు దిగి, బస్టాండు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో ఉగ్గాని తిన్నాను. మరమరాలు నీళ్లలో తడిపి పిండేసి, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ వేసి తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. మా వైపు మరమరాలంటే పిల్లల జేబుల్లో పోసేవి, అంతే. ఇక్కడ అదే ఘనమైన టిఫిను. ప్లేటు ఆరు రూపాయలు. మొదట మొహం చిట్లించి, తరవాత రెండో ప్లేటు చెప్పాను.

వడ్డించే అతను నాకంటే పాతికేళ్లు చిన్న. "ఏమక్కా, కారం సరిపోయిందా నీకు?" అన్నాడు. ‘నీకు’ అనేసరికి నాకు చుర్రుమంది. మా జిల్లాలో అలా అంటే కొట్టుకుంటారు. కాసేపు కూర్చుని విన్నాక అర్థమైంది, ఇక్కడ అక్కా అన్నాక మీరూ గీరూ ఉండదు. అక్కలో ఉన్న గౌరవమే గౌరవం.

కదిరి వెళ్లే బస్సెక్కి కూర్చున్నానో లేదో సంచిలోంచి ఫోను మోగింది. శారద. స్కూలు దగ్గర బూత్ నుంచి చేసింది. "ఎక్కావా? కదిరిలో బస్సు మారాలి, మర్చిపోకు" అని పెట్టేసింది. రుమాలు మళ్లీ చుడుతుంటే పక్క సీటులో ఆవిడ నా చేతుల వంకే చూస్తోంది. యాభై దగ్గర పడ్డ మనిషి. మెడలో నల్లపూసలు లేవు, నుదుట బొట్టు లేదు. ఒళ్లో చిన్న గుడ్డ మూట.

"అక్కా, యాడికి పోతాండావు?"

"తనకల్లు."

"మాది ఆ పక్క పల్లెనే. ఆ ఫోను దావలో గూడా మోగుతాదా?"

"దారిలోనా? సిగ్నలుంటే మోగుతుంది."

ఆవిడ వెంటనే కిటికీలోంచి తల బయటపెట్టి, "నాగరాజూ, ఈడికి రా" అని కేకేసింది. పాతికేళ్ల కుర్రాడు, నిద్ర లేని కళ్లతో పరుగెత్తుకొచ్చాడు. ఆవిడ అల్లుడట. అప్పుడు ఇద్దరూ కలిసి నాకు సంగతంతా చెప్పారు.

ఆవిడ పేరు నరసమ్మ. భర్త పోయి మూడేళ్లయింది. ఒక్కగానొక్క కూతురు సుజాతను హిందూపురంలో ఇచ్చింది. సుజాతకు తొలి కాన్పు. నొప్పులు వచ్చి ఆగిపోయాయని ఆస్పత్రిలో ఉంచారు. ఇంకో రెండు రోజులు చూద్దామన్నారట డాక్టరమ్మ. ఆపరేషనే అయితే నెత్తురు కావాలి. సుజాతది త్వరగా దొరికే రకం కాదు, తల్లిదీ అదే రకం.

"అలాంటప్పుడు మీరు వెళ్లిపోతున్నారేమిటి?" అని అడిగేశాను. నా నోరు అంతే, ఆగదు.

"మొన్న రాత్రి మా పల్లెలో వాన పడిందక్కా. ఈ యేడు ఇదే మొదలు. పదును మూడు దినాలుంటాది, నాలుగో దినం ఆరిపోతాది. చెనక్కాయలు ఒలిచి పెట్టినా, విత్తనానికి. ఎద్దులు మావి గావు. ఓబులేసన్న రేపు పొద్దున నా చేనికి గొర్రు కడతానని కబురు పంపినాడు. ఎల్లుండి ఇంకొకరికి మాటిచ్చినాడు. ఈడ కూతురు, ఆడ చేను. యాడ ఉండల్ల చెప్పు?"

పదును అంటే విత్తనం మొలవడానికి సరిపడా నేలలో ఉండే తడి. గొర్రు అంటే ఎద్దులు లాగుతుంటే విత్తనం నేలలో వేసే పనిముట్టు. మాకు లాకులు ఎత్తితే నీళ్లు వస్తాయి. రేపు కాకపోతే ఎల్లుండి నాట్లేసుకుంటాం. ఒక్క వానకీ ఇంకో వానకీ మధ్య ఒక మనిషి ఇలా రెండుగా చీలిపోతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నాగరాజు నా నంబరు అడిగి అరచేతిలో పెన్నుతో రాసుకున్నాడు. "డాక్టరమ్మ చూసినాక ఆస్పత్రి ఎదురు బూత్ నుంచి కొడతా అత్తా. అంతా బాగుంటే ఒకసారి కొట్టి పెట్టేస్తా. నువ్వు రావల్లంటే రెండుసార్లు కొడతా. మేడం, మోగితే ఎత్తొద్దండి. ఎత్తితే దుడ్లు పోతాయి."

ఇదీ ఏర్పాటు. మా వైపు మిస్డ్ కాల్ అంటే పిసినారితనం. మా మరిది కొడుకు ఇస్తుంటే ఎన్నిసార్లు తిట్టానో. ఇక్కడ నా కళ్ల ముందే ఒక మనిషి బతుకంతా ఒకసారి మోగడం, రెండుసార్లు మోగడం మీద పెట్టుకుంటున్నారు. బస్సు కదిలింది. నాగరాజు అరచెయ్యి చెమటకు తడవకుండా గాలిలో ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

గోరంట్ల

ఇక ఫోను సంచిలో పెట్టే ధైర్యం లేకపోయింది. రుమాలు పరిచి ఒళ్లో పెట్టుకున్నాను. నరసమ్మ దాని వంక, నా వంక మార్చి మార్చి చూస్తోంది.

"ఆ మూల గీతలేందక్కా?"

"అవి ఉంటే సిగ్నలున్నట్టు. అవి పోతే మోగదు."

చెప్పకుండా ఉండాల్సింది. అప్పట్నుంచీ ఆవిడ కిటికీ బయటికి చూడ్డం మానేసి ఆ గీతల్నే కాపలా కాయడం మొదలుపెట్టింది. మూడుంటే ఊపిరి తీసుకుంటుంది. ఒకటయితే చీర కొంగు నోట్లో కుక్కుకుంటుంది. కాసేపటికి నాకూ అదే జబ్బు అంటుకుంది.

గోరంట్లలో బస్సు చాలాసేపు ఆగింది. ఎర్ర నేల, దాని మధ్యలో నీళ్ల ట్యాంకరు, చుట్టూ రంగురంగుల ప్లాస్టిక్ బిందెలతో ఆడవాళ్లు. ఎవరూ కొట్టుకోవడం లేదు. ఎవరి వంతు ఎవరిదో వాళ్లకు తెలుసు. నేను దిగి టీ తాగి, ఆవిడకు రెండు అరటిపళ్లు తెచ్చాను. పుచ్చుకుంది, తినలేదు. "బిడ్డకు నొప్పులు వచ్చినాక నాకు కూడు దిగలేదక్కా" అంది. సందు చివర ఒక మిద్దె మీద ఇనప స్తంభం ఎక్కిస్తున్నారు, సెల్ టవరట. నరసమ్మ దాని వంక దేవుడి రథాన్ని చూసినట్టు చూసింది.

కొండల దారి

గోరంట్ల దాటాక రోడ్డు కొండల మధ్యకు వెళ్తుంది. గీతలు రెండయ్యాయి, ఒకటయింది. అప్పుడు మోగింది.

నా చెయ్యి దానంతటదే పచ్చ మీట మీదికి పోయింది. నరసమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఎత్తొద్దు." ఒకసారి మోగి ఆగింది. బస్సులో అందరికీ విషయం తెలిసిపోయినట్టుంది, ముందు సీట్ల వాళ్లు కూడా వెనక్కి తిరిగారు. మేం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఇంక మోగలేదు. "ఒకటే. బాగుండాది" అంది నరసమ్మ, కళ్లు మూసుకుని. నాకు కళ్లు చెమర్చాయి. అప్పుడు ఫోను వంక చూశాను.

ఒక్క గీత కూడా లేదు.

ఎప్పుడు పోయింది? మోగి ఆగిన తరవాతా, ఆగీ ఆగకముందేనా? నాగరాజు పెట్టేశాడా, కొండ అడ్డమొచ్చి తెగిపోయిందా? రెండోసారి కొట్టాడేమో, అది మాకు చేరలేదేమో. ఈ పాడు వస్తువు మోగిన సంగతి చెబుతుంది కానీ మోగలేకపోయిన సంగతి చెప్పదు. నరసమ్మకు చెప్పాలా వద్దా అని నేను తటపటాయించేలోగా ఆవిడే చూసేసింది.

బస్సంతా తలా ఒక మాట. తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన, "ఒకసారి మోగిందంటే ఒకటే మా, ఊరికే ఎందుకు గాబరా పడతావు" అన్నాడు. కండక్టరు ఒప్పుకోలేదు. "పోయిన వారం నాకు ఇట్లనే అయినాదప్పా. మా బామ్మర్ది మూడుసార్లు కొడితే ఒకటే వచ్చింది." ఇంకెవరో డ్రైవరును వెనక్కి తిప్పమన్నారు, సిగ్నలున్న చోటికి. డ్రైవరు తిప్పలేదు గానీ పాపం వేగం పెంచాడు. నరసమ్మ మూట ముడి విప్పుతోంది, మళ్లీ వేస్తోంది.

కదిరి

బస్టాండులోకి రాగానే నాలుగు గీతలూ వచ్చాయి. ఫోను మాత్రం మోగలేదు. మొగలి పొట్లంలా రెండు చేతుల్లో పట్టుకుని అరగంట కూర్చున్నాం. ఎదురుగా కదిరి మల్లెలు మూరలు మూరలుగా అమ్ముతున్నారు, ఆ వాసనకు మామూలుగా అయితే నేను పడి చచ్చేదాన్ని. ఆ రోజు తలనొప్పి వచ్చింది.

తిరిగి మనమే చేద్దామంటే, మా తమ్ముడు ఇచ్చిన ఫోనులో ఒక్క రూపాయే మిగిలింది. మోగించడానికైతే సరే, ఎత్తారంటే మాట పూర్తికాకుండానే తెగిపోతుంది. మూల మీద ఒక ఎస్టీడీ బూత్ ఉంది. ఖాదర్ బాషా అనే ఆయన, చంకలో కర్రతో నడుస్తాడు. బూత్ ఖాళీగా ఉంది. ఒకప్పుడు క్యూలో జనాన్ని అదుపు చెయ్యలేక చచ్చేవాణ్ణని ఆయనే చెప్పాడు. ఇప్పుడు ఈగలు తోలుకుంటున్నాడు. నా చేతిలో సెల్లు చూసి మొదట మొహం ముడుచుకున్నాడు గానీ, సంగతి విన్నాక, కాల్ వచ్చినప్పుడు ఫోనులో నిలిచిన బూత్ నంబరు చూసి తనే తిప్పాడు.

అవతల ఆస్పత్రి ఎదురు బూత్ అతను ఎత్తాడు. ఖాదర్ బాషా ఉర్దూలో కాసేపు, తెలుగులో కాసేపు మాట్లాడి, చేత్తో ఫోను మూసి మా వైపు తిరిగాడు.

"వచ్చినాడంట మా, సన్నగా ఉండే పిల్లగాడు. చేతిలో నంబరు చూసి కొట్టినాడంట. ఎన్నిసార్లు కొట్టినాడో చూల్లేదంటాడు. మళ్లా ఆస్పత్రిలోకి ఉరుకుతా పోయినాడంట."

"ఉరుకుతానా?" అంది నరసమ్మ.

"ఉరుకుతానే అన్నాడు."

"లోపలికి పోయి ఎవరినైనా అడగమనండి" అన్నాను నేను.

"బూత్ ఇడిసిపెట్టి రాలేడంటమ్మా. ఒక్కడే ఉండాడు."

బయట రెండు బస్సులు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఒకటి తనకల్లు మీదుగా పోయేది. ఒకటి మేం వచ్చిన దారినే హిందూపురం తిరిగి పోయేది. రెండూ ఇంజన్లు ఆన్ చేసే ఉన్నాయి. నరసమ్మ రెంటి మధ్యా నిలబడింది. నేను ఏదో ఒకటి చెబితే ఆవిడ వినేదేమో. వెనక్కి వెళ్లమంటే, అక్కడ అంతా బాగుంటే, ఏడాది తిండి ఎండిపోతుంది. ముందుకు పొమ్మంటే, నాగరాజు కొట్టింది రెండుసార్లే అయితే, ఆ పాపం నేను మొయ్యలేను.

"చేను పోతే ఇంకో యేడు వేసుకుంటా" అందావిడ. కొంగు ముడి విప్పి, అందులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. "విత్తనాలు లోపల గోనెలో ఉండాయి. ఓబులేసన్నకు చెప్పక్కా, నేను పంపినానని. మా పల్లె గుట్ట మీద ఈ ఫోను మోగుతాదంట, పిల్లోళ్లు చెప్తాంటారు. రేపు మధ్యాన్నం కొట్టిస్తా. ఒకసారి మోగితే తల్లీ బిడ్డా బాగుండారని. రెండుసార్లు మోగితే..."

ఆ రెండుసార్లకు అర్థం చెప్పలేదు. హిందూపురం బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కింది. అరటిపళ్లు బెంచీ మీదే ఉండిపోయాయి.

తనకల్లు

శారద నన్ను చూడగానే సంతోషం పక్కన పెట్టి తిట్లు మొదలుపెట్టింది. "ముక్కూ మొహం తెలీని మనిషి ఇంటి తాళం పట్టుకొచ్చావా? లోపల ఏదైనా పోతే?" ఒక పరాయి మనిషి ఇల్లు నా చేతిలో ఉందన్న భయం నాకు మాత్రం లేదా?

సాయంత్రం నన్ను కాస్త మరిపిద్దామని తన స్కూలు చూపించింది. కొత్తగా కంప్యూటరు వచ్చిందట. చెప్పులు గుమ్మం బయట విప్పాకే లోపలికి రానిచ్చారు. బల్ల మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పుకుని, నుదుట కుంకుమ బొట్టు పెట్టుకుని కూర్చుంది అది. కరెంటు లేదు. "ఎప్పుడొస్తుంది?" అంటే, "బోర్లకు ఇచ్చాక మిగిలితే" అంది శారద. నేను నవ్వబోయి, ఫోను గీతలు గుర్తొచ్చి మానేశాను. రాత్రి సంకటి ముద్ద, చెనక్కాయల చట్నీ పెట్టింది. రుచి గుర్తు లేదు.

గుట్ట కింద చేను

పొద్దున్నే శారద సెలవు పెట్టి నాతో వచ్చింది. పల్లె పెద్ద దూరం కాదు. నరసమ్మ చేను గుట్ట కిందే. ఓబులేసు అప్పటికే ఎద్దులకు గొర్రు కట్టి నిలబడ్డాడు. తాళంచెవి చూపించి జరిగింది చెప్పాను. విన్నాడు, తల పంకించాడు, కానీ కదల్లేదు.

"మొదటి పిడికెడు ఇంటి ఆడమనిషి వెయ్యల్ల మా. నరసక్క లేకుండా ఎట్ల?"

"ఆవిడే పంపిందయ్యా నన్ను."

"నువ్వు ఆ ఇంటి మనిషివి గావు గదా."

శారద ఏదో అనబోయింది, నేను ఆపాను. నాకు కోపం రాలేదు, భయమేసింది. ఆ నేల మీద ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఓబులేసు వంగి మట్టి పిసికి చూశాడు. ముద్ద కట్టింది గానీ అంచులు రాలుతున్నాయి. ఆయనకూ ఆదుర్దాగానే ఉంది, నాకు తెలుస్తూనే ఉంది.

"ఆ ఇంటి తాళం నా దగ్గరుంది. ఈ రోజుకు నేనే ఆ ఇంటి మనిషిని" అన్నాను.

ఆయన నన్నూ, తాళంచెవినీ కాసేపు చూశాడు. "చెప్పులిడువు" అన్నాడు.

ఇంటి తాళం తీసి విత్తనాల గోనె తెచ్చుకున్నాక, గొర్రు మీది గిన్నెలో మొదటి పిడికెడు గింజలు నేను పోశాను. బురదలో వరినాట్లు చూసిన కళ్లకు అది విత్తడంలా అనిపించలేదు. ఎర్రమట్టిలో గులాబీరంగు గింజలు కనిపించకుండా దిగిపోయాయి. ఎద్దులు కదిలాయి. పల్లె ఆడవాళ్లు ఇద్దరు గొర్రు వెంట నడుస్తూ గింజలు వదులుతుంటే, నేను శారద చెయ్యి పట్టుకుని గుట్ట ఎక్కాను.

పైన ఒక బల్లపరుపు బండ. దాని మీద ఒక మూల నిలబడితే ఒక గీత వస్తుంది, పక్కకు జరిగితే పోతుంది. నేను ఆ మూల నుంచి కదల్లేదు. మోకాళ్లు పీకుతున్నా కూర్చోలేదు, కూర్చుంటే గీత పోతోంది. ఎండ నడినెత్తికి వచ్చింది.

మోగింది.

ఆగుతుందని చూశాను. ఆగలేదు. మళ్లీ మోగింది, మళ్లీ మోగింది, మోగుతూనే ఉంది. ఇది ఒకటీ కాదు, రెండూ కాదు. నరసమ్మ చెప్పిన దాంట్లో ఇలాంటిది లేదు. "ఎత్తవే" అంటోంది శారద. దుడ్లు పోతాయని ఎత్తొద్దన్నవాళ్లు, డబ్బు పోయినా సరే ఎత్తమంటున్నారంటే ఏమై ఉంటుంది? కింద ఓబులేసు ఎద్దుల్ని ఆపి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నాడు.

ఎత్తాను.

మాట లేదు. గరగర. దాని వెనక సన్నగా, కోపంగా ఒక ఏడుపు. పసిబిడ్డ ఏడుపు.

"అక్కా, విన్నావా?" నరసమ్మ గొంతు. "బూత్ కాడికి ఎత్తుకొచ్చినా, నీకు వినిపిద్దామని. ఆడబిడ్డ. సుజాత బాగుండాది. రాత్రి ఆపరేషన్ చేసినారు. నా నెత్తురే ఎక్కించినారు."

నేను బండ మీద కూలబడబోయి, గీత పోతుందని ఆగాను.

"నిన్న ఎన్నిసార్లు కొట్టాడమ్మా నాగరాజు?"

"ఒకటేనంటక్కా. అప్పుడు బాగానే ఉండిందంట. పొద్దుగూకినాకనే కష్టమొచ్చింది. నేను ఆ పాటికి వచ్చేసినా గదా." కాసేపు బిడ్డ ఏడుపు ఒక్కటే వినిపించింది. తరవాత ఆవిడ గొంతు తగ్గించి, అడగచ్చో అడక్కూడదో అన్నట్టు అడిగింది. "పదునుండాదా అక్కా?"

"ఉంది. సగం చేను అయింది" అన్నాను. నా మాట చేరిందో లేదో, తెగిపోయింది. చూస్తే గీత లేదు. ఎన్నిసార్లు అలో అన్నా గరగర కూడా లేదు. అంత డబ్బు పోసి చేసిన మనిషికి, అడిగిన ఆ ఒక్క ముక్కకీ జవాబు అందలేదేమోనని నాకు ఏడుపొచ్చింది.

ఫోనును తలపైకెత్తి బండంతా తిరిగాను. చివరి అంచు మీద ఒక గీత దొరికింది. ఫోనులో ఉన్నది ఒక్క రూపాయే అయినా, అవతల ఎత్తితేనే కదా డబ్బు కావాల్సింది. ఫోనులో నిలిచిన బూత్ నంబరు నొక్కి చెవికి ఆనించాను. ఫోను మోగనిస్తుందో లేదో కూడా తెలీదు. అవతల మోగింది.

ఒకసారి మోగనిచ్చి, పెట్టేశాను.